రెండు చుక్కల అతుకు

గాలి గొట్టాన్ని విప్పి బల్ల మీద బోర్లించాడు భిక్షపతి. ఏమీ కారలేదు. లోపల ఉన్నది కారే దశ దాటి గడ్డకట్టింది. స్క్రూడ్రైవర్ మొనతో కెలికితే ముద్దగా ఊడివచ్చింది, నల్లగా, జిగటగా, ముసలివాడి గొంతులోని కఫంలా. గొట్టం మణికట్టంత లావు. అందులో ఇంజన్ ఊపిరి పీల్చుకోవడానికి మిగిలిన దారి చిటికెన వేలంత.

"థూ" అన్నాడు.

ముప్పై ఆరేళ్లుగా ఇదే పని. డీజిల్ ఇంజన్ కడుపులో ఉండేది ఏదీ అతనికి కొత్త కాదు. అయినా ఈ మధ్య అసహ్యం వేస్తోంది. మొదట్లో అది చేతులకంటిన మసి మీద అసహ్యం అనుకున్నాడు. సబ్బు మార్చాడు. పోలేదు.

ఎల్బీనగర్ చౌరస్తా దాటి సాగర్ రోడ్డు వైపు పోతే, టైర్ల దుకాణాల వెనక సందులో అతని షెడ్డు. రేకుల కప్పు, నూనె తాగి నల్లబడిన నేల, ఇంజన్‌ను పైకి లేపే గొలుసు కప్పీ. బోర్డు లేదు. పికప్ బండ్లు నడిపేవాళ్లకు దారి తెలుసు. అందరూ అతన్ని ఉస్తాద్ అంటారు.

ఇప్పుడు షెడ్డు మధ్యలో, ఇంజన్ ఊడదీసిన ఖాళీతో నిలబడి ఉన్న పికప్ అతని అక్క అండాలమ్మది. పద్నాలుగేళ్ల బండి, తొమ్మిదేళ్ల కింద పాతదిగా కొన్నది. బావ బాల్‌రాజ్ నడుపుతాడు. సోమవారం పొద్దున హయత్‌నగర్ దగ్గర నీళ్లు మరిగి, తెల్లపొగ కక్కి ఆగిపోయింది. వచ్చే నెల ఫిట్‌నెస్ పరీక్ష. అందులో నెగ్గకపోతే బండి తుక్కు కిందికే.

అక్కాబావలది బొప్పాయిల వ్యాపారం. తెల్లవారకముందే బాటసింగారం మార్కెట్‌కు పోయి సరుకు ఎక్కించుకుని, ఆరున్నరకల్లా దిల్‌సుఖ్‌నగర్‌లో తమ చోటు పట్టుకోవాలి. బొప్పాయి మెత్తని జాతి. దారిలో ఒకదానికొకటి తగిలితే అప్పటికి ఏమీ తెలియదు, మధ్యాహ్నానికి మచ్చ తేలుతుంది. మచ్చ తేలినదాన్ని ఎవరూ ముట్టరు. అందుకని బాల్‌రాజ్ ముందు కూర్చుంటే, అండాలమ్మ వెనక ట్రక్కులో, టార్పాలిన్ కింద, కాగితాలు చుట్టిన కాయల మధ్య కూర్చుంటుంది. గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులూ చాచి కాయలను ఆపుతుంది. నడిచే బండి తన వెనక ఉన్న గాలిని లోపలికి లాక్కుంటుంది. ఆ గాలితో పాటు పొగ కూడా.

మూడు చలికాలాలుగా ఆమెకు దగ్గు. పోయిన నెల దవాఖానకు పోతే డాక్టరమ్మ కట్టెల పొయ్యి ఉందా అని అడిగింది. గ్యాసు పొయ్యి అంది అండాలమ్మ. మరి పొగలో ఎక్కడ కూర్చుంటున్నావు అని అడిగింది. అండాలమ్మ చెప్పింది. ఇంకో చలికాలం ఆ పొగ పీలిస్తే వ్యాపారమే కాదు, మెట్లు ఎక్కడం కూడా కుదరదని చెప్పి పంపింది డాక్టరమ్మ.

"గీ బండి పొగ జర సాఫ్ చెయ్యి తమ్మీ" అంది అండాలమ్మ, ఇంజన్ దించిన రోజు. "లేకుంటే నేను ఇంట్ల గూసోవాలె. మీ బావ ఒక్కడు కాయల్ని పచ్చడి చేస్తడు."

"చేస్తా" అన్నాడు భిక్షపతి.

చేస్తానన్నప్పుడు అతను అక్క ముఖం చూడలేదు. బండి కింద చూస్తున్నాడు. సైలెన్సర్‌కు ముందు, గొట్టం మధ్యలో, సొరకాయంత డబ్బా ఒకటి వేలాడుతోంది. కాగితాల్లో దాని పేరు క్యాటలిటిక్ కన్వర్టర్. షెడ్డుల్లో జాలీ డబ్బా అంటారు. దాని లోపల తేనెపట్టులాంటి పింగాణీ జాలీ ఉంటుంది. ఇంజన్ వదిలిన విషం చాలావరకు ఆ జాలీ వేడిలో కాలిపోతుంది.

ఆ డబ్బాలో జాలీ లేదు. ఉత్త డొల్ల. ఆ సంగతి భిక్షపతికి తెలుసు. తొమ్మిదేళ్ల కింద తీసింది అతనే.

*

పదిహేనేళ్ల వయసులో నల్లగొండ పల్లె నుంచి అతన్ని పట్నం తెచ్చింది అండాలమ్మే. అప్పుడు ఆమె దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో ఎదురుగా గంపలో జామకాయలు అమ్మేది. తమ్ముణ్ని మలక్‌పేటలో గోపయ్య అనే మెకానిక్ దగ్గర పనికి పెట్టింది. గోపయ్య మూడేళ్లు జీతం ఇవ్వలేదు, పని నేర్పాడు. మధ్యాహ్నం సద్దిగిన్నె అక్క తెచ్చేది.

ఆ షెడ్డుకు వచ్చే ఆడవాళ్లందరూ గుమ్మంలోనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్లు. అండాలమ్మ పెట్టుకునేది కాదు. ఒకసారి గోపయ్యే నవ్వి అడిగాడు.

"వాసన రాదా చెల్లే నీకు?"

"మా తమ్ముడు దినమంతా పీల్చేది నేను గడియసేపు పీల్వనా? వాని బువ్వ వాసన గది. ముక్కు మూసుకుంటనా?"

ఆ తరువాత ఎన్ని షెడ్డులు మారినా, తన సొంత షెడ్డు పెట్టుకున్నా, అక్క అతని ముందు ఎన్నడూ ముక్కుకు కొంగు పెట్టుకోలేదు. దగ్గు మొదలైన తరువాత కూడా.

గోపయ్య రెండు అలవాట్లు నేర్పాడు. ఒకటి, వెల్డింగ్ చేసిన ప్రతి అతుకు చివర రెండు చుక్కలు పెట్టడం. "రేపు పగిలిందనుకో, ఎవని తప్పో ఎరుకగావాలె. సంతకం లేని పని దొంగ పని" అనేవాడు. రెండోది, ఇంజన్ మొత్తం విప్పి కట్టాక మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు తడిపిన తెల్లగుడ్డను సైలెన్సర్ మూతికి పట్టడం. గుడ్డను బండి యజమానే పట్టుకోవాలి. అరవై లెక్కపెట్టేదాకా పట్టుకుని, గుడ్డ విప్పి అందరికీ చూపాలి. మసి లేకపోతేనే కొబ్బరికాయ కొట్టేది.

రెండు అలవాట్లనూ భిక్షపతి వదల్లేదు. మంచి పనికీ, మరో పనికీ.

మరో పని ఎప్పుడు మొదలైందో అతనికి గుర్తే. ఆదివారాలు ఒక మనిషి గోనెసంచితో సందులోకి వచ్చేవాడు. పాత జాలీలు కొనేవాడు. వాటిలో ఖరీదైన లోహపు పూత ఉంటుందని, ఎక్కడో కరిగించి తీస్తారని చెప్పేవాడు. బండి ఓనర్లకు ఆ డబ్బా సంగతే తెలియదు. తెలిసినవాళ్లకు "గా జాలీ తీసేస్తే మైలేజ్ పెరుగుతది" అని చెబితే సరిపోయేది. కొందరైతే తీయించుకుని థాంక్స్ చెప్పేవాళ్లు. సందులో అందరూ చేసేదే. అందరూ చేసేది తప్పులా కనిపించదు. అందులో ఉన్న అసహ్యమంతా అదే.

అక్క బండి కొన్న కొత్తలో చూడమని అతని దగ్గరికే తెచ్చారు. నమ్మకస్తుడని తెచ్చారు. ఆ వారం గోనెసంచి మనిషి వచ్చే రోజుకు మూడు జాలీలు సిద్ధంగా ఉన్నాయి. నాలుగోది అక్క బండిది.

*

ఇంజన్ పని పన్నెండు రోజులు పట్టింది. హెడ్డు మీద జుట్టంత చీలిక ఉంది. మార్చాడు. బ్లాకును లేత్ షాపుకు పంపి సిలిండర్లు తొలిపించాడు, కొత్త పిస్టన్లు, కొత్త రింగులు ఎక్కించాడు. క్రాంకు బేరింగులు వేలుగోటితో గీస్తే గీటు పడేంత అరిగాయి. తీసి పారేశాడు. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు నాలుగూ పట్టుకుని తనే పంపు షాపులో గంటసేపు నిలబడి పరీక్ష చేయించాడు. ఒకటి చిమ్మడం లేదు, చొంగ కారుస్తోంది.

తరువాత ఈజీఆర్ వాల్వు. పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకి తిప్పి పంపే వాల్వు అది. బొగ్గు పట్టి సగం తెరుచుకున్న చోటే బిగుసుకుపోయి ఉంది. గాలి గొట్టంలో ఆ కఫమంతా దాని పుణ్యమే. దాన్ని శుభ్రం చేసే మెకానిక్ సందులో ఒక్కడూ లేడు. మధ్యలో రేకు ముక్క పెట్టి మూసేస్తారు. చూస్తూ కూర్చున్న బాల్‌రాజ్ కూడా అదే అన్నాడు.

"రేకు పెట్టి మూసెయ్ బామ్మర్దీ. అందరియి మూస్తవు గద."

"అందరిది వేరే."

"ఏ, మాదేమన్న బంగారమా?"

"బావా, నోటికి బదులు చేతికి పని చెప్పు. గా బ్రష్ అందియ్యి."

బాల్‌రాజ్ నవ్వుతూ బ్రష్ అందించాడు. భిక్షపతి డీజిల్‌లో నానబెట్టి, గీకి, మళ్లీ నానబెట్టి రెండు రోజులు దాని మీదే కూర్చున్నాడు. నల్లనీళ్లు తొట్టి అడుగున పేరుకున్నాయి. ఆ వాసనకు అన్నం సహించలేదు. ఇల్లు చేరి స్నానం చేసినా గోళ్ల కింద అదే వాసన.

ఓ సాయంత్రం అండాలమ్మ టీ పట్టుకొచ్చింది. బోర్లించిన కాయల పెట్టె మీద కూర్చుని, షెడ్డు బయట నిలబెట్టి ఉన్న భిక్షపతి సొంత పికప్ వైపు చూసింది. సామాన్లు తెచ్చుకోవడానికి అతను వాడుకునే బండి. అదే కంపెనీ, అదే మోడల్, ఒక్క ఏడాది చిన్నది.

"తమ్మీ, ఒకటి అడుగుతా. మొన్న మీ బిడ్డ సౌజన్య సీమంతానికి నీ బండిల ఎనకనే గూసొని నకిరేకల్ దాంక పోయిన. ఒక్కపారి గూడ దగ్గలే. మా బండిల ఆటోనగర్ దాటంగనే మొదలైతది. రెండు ఒక్కటే గద. ఎందుకట్ల?"

భిక్షపతి టీ గ్లాసు కిందపెట్టాడు.

"నా బండి తక్కువ తిరుగుతదక్కా."

"గంతేనా?"

"గంతే."

అండాలమ్మ తలూపింది. ఇంజన్ విషయంలో తమ్ముడు చెప్పినదాని మీద రెండో మాట అడగడం ఆమెకు అలవాటు లేదు.

తన బండి జాలీని భిక్షపతి తీయలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తీయాలనిపించలేదు. ఎందుకు తీయలేదని తనను తాను అడిగిందీ లేదు. ఆ బండిలో తను తిరుగుతాడు. తన భార్య, తన కూతురు తిరుగుతారు. అడగకుండానే తెలిసిన జవాబు అది. టీ మీద మీగడ కట్టింది. అతను దాన్ని నేల మీద పారబోశాడు.

*

జాలీ డబ్బా ఒకటి కావాలి. కంపెనీలో అడిగితే ఆ మోడల్‌కు తయారుచేయడం ఆపేశామన్నారు. తన బండిది విప్పితే సగం పూటలో పని అయిపోతుంది. ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ అతను పానాలు సర్దడం మొదలుపెట్టాడు. చివరికి నాగోల్ అవతల, మూసీ వైపు, సీతారాములు అనే పాత సామాన్ల వ్యాపారి దగ్గరికి పోయాడు.

మురుగు వాసనా తుప్పు వాసనా కలిసిన చోటు. సీతారాములు గుట్టలోంచి ఒకటి లాగి ముందు పెట్టాడు. కొత్తగా వెండి రంగు పూసి ఉంది.

"ఒరిజినలేనా?"

"నీకు అబద్ధం చెప్పి నేను ఏడ పోతా ఉస్తాద్? టార్చి కొట్టి చూస్కో."

భిక్షపతి ఫోన్ లైటు వేసి మూతిలోంచి చూశాడు. తేనెపట్టు కనిపించింది. చేత్తో ఊపాడు, గలగల లేదు. తూచి చూశాడు, బరువు ఉంది. చాలనిపించింది. ఇంకా గట్టిగా చూసి ఉండవచ్చు. చూడాలనిపించలేదు. ఇది మంచిదైతే తన బండి జోలికి పోనక్కరలేదు.

తీసుకొచ్చి బిగించాడు.

స్టార్ట్ చేసే రోజు అండాలమ్మ తలస్నానం చేసి వచ్చింది. తెల్లగుడ్డ తడిపి ఆమె చేతికిచ్చాడు. ఆమె వంగి సైలెన్సర్ మూతికి పట్టింది. భిక్షపతి తాళం తిప్పాడు. రెండుసార్లు మూలిగి మూడోసారి అందుకుంది. శబ్దం గుండ్రంగా, తెగకుండా వచ్చింది. చెవి పెట్టి విన్నాడు. ఎక్కడా తప్పు లేదు. ఆ ఒక్క నిమిషం అతనికి దేని మీదా అసహ్యం లేదు.

బాల్‌రాజ్ గట్టిగా అరవై లెక్కపెట్టాడు. అండాలమ్మ గుడ్డ విప్పి ఎత్తిపట్టింది. తెల్లగా ఉంది. పెళ్లిపీటల మీద పరిచేంత తెల్లగా ఉంది.

"బామ్మర్దీ, షేర్ రా నువ్వు, సింహం!" అని అరిచాడు బాల్‌రాజ్.

అండాలమ్మ కూడా నవ్వబోయింది. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. గుడ్డ చేతిలో ఉండగానే గోడకు ఆనుకుని దగ్గింది. కళ్ల వెంట నీళ్లు కారాయి.

"గదే ఘాటు తమ్మీ" అంది ఊపిరి అందాక. "మసి లేదు గని, గదే ఘాటు."

"కొత్త ఇంజన్ వాసన. నాలుగు దినాలల్ల పోతది" అన్నాడు బాల్‌రాజ్, కొబ్బరికాయ కోసం చూస్తూ.

కొబ్బరికాయ రెండు చెక్కలైంది. ఒకటి భిక్షపతి చేతిలో పెట్టారు. తినలేదు.

మధ్యాహ్నం పొల్యూషన్ కాగితం కోసం బండి తీసుకుని చౌరస్తా దగ్గర ఆగి ఉండే వ్యాను దగ్గరికి పోయాడు. వ్యానులో త్రినాథరావు అనే గుంటూరు వైపు మనిషి. దిగకుండానే ఫోన్‌తో నంబరు ప్లేటు ఫొటో తీసి, కాగితం ప్రింటు కొట్టబోయాడు.

"పైపుల గొట్టం పెట్టి చూడవా?" అన్నాడు భిక్షపతి.

"ఎందుకండీ? పెట్టినా అదే కాగితం, పెట్టకపోయినా అదే కాగితం."

"పెట్టు."

"పాత బండండీ. ఫెయిలైతే నన్ననకండి మరి."

"పెట్టమంటున్న గద."

త్రినాథరావు గొణుక్కుంటూ దిగాడు. మిషను మీద దుమ్ము ఊదాడు. గొట్టం పెట్టి, రేస్ చేయించి, అంకె చూసి కనుబొమలెత్తాడు.

"అబ్బో. మొన్నొచ్చిన కొత్త బండికి కూడా ఇంత తక్కువ రాలేదండీ. ఎవరండీ మీ మెకానిక్కు?"

భిక్షపతి కాగితం తీసుకున్నాడు. ఆ మిషను పొగ ఎంత నల్లగా ఉందో చూస్తుంది, అంతే. ఆ కాగితంతో బండి ఫిట్‌నెస్‌లో నెగ్గుతుంది. ఇంకెవరూ ఏమీ అడగరు. అడిగేది అక్క ఊపిరితిత్తులు మాత్రమే.

*

మర్నాడు తెల్లవారుజామున భిక్షపతి కూడా బాటసింగారం పోయాడు. తిరుగు ప్రయాణంలో బావ పక్కన సీటు ఖాళీగా ఉన్నా, వెనక అక్క పక్కన ఎక్కి కూర్చున్నాడు.

"నీకెందుకురా ఈడ? ముందు గూసో పో" అంది అండాలమ్మ.

"నడుముకు సీటు పడుతలేదు."

టార్పాలిన్ కింద చీకటి. బొప్పాయిల తీపి వాసన. పెద్దఅంబర్‌పేట దాటేసరికి ఆ తీపిలోకి రెండో వాసన వచ్చి కలిసింది. పచ్చి డీజిల్ కాలీ కాలనట్టు, గొంతు వెనక గోరుతో గీరినట్టు. కళ్లు మండాయి. గుంత వచ్చినప్పుడల్లా అక్క చేతులు చాచడం, కాయలను ఆపడం, చేతులు ఖాళీ లేక భుజానికే మూతి ఆనించి దగ్గడం చూశాడు. తొమ్మిదేళ్లలో ఎన్ని పొద్దులో లెక్కవేయబోయి మానుకున్నాడు.

ఆటోనగర్ దాటాక ఆమె దగ్గు ఆగలేదు. దిల్‌సుఖ్‌నగర్ చేరేదాకా ఆగలేదు.

బండి ఆగగానే భిక్షపతి దూకి, రోడ్డు వార కాగితాలూ కుళ్లిన పూలూ ఉన్న చోటే పడుకుని బండి కిందికి జరిగాడు. నీళ్ల సీసా తీసి డబ్బా మూతి వైపు ఒక చుక్క పోశాడు. సుయ్యిమంది. తోక వైపు పోశాడు. నీరు మెల్లగా జారింది. జాలీ పనిచేస్తుంటే తోక వైపు ఇంకా ఎక్కువ కాలాలి.

వేడికి వెండి రంగు పొరలు పొరలుగా లేచింది. పాత గుడ్డతో రుద్దాడు. రంగు కింద పాత అతుకు కనిపించింది, సన్నగా, వంకర లేకుండా, డబ్బా చుట్టూ. అతుకు చివర రెండు చుక్కలు.

కాసేపు అలాగే పడుకున్నాడు. పైన అక్క కాయలు దించుతూ ఎవరికో ధర చెబుతోంది.

షెడ్డుకు తెచ్చి డబ్బాను ఊడదీసి కోశాడు. కోయకముందే లోపల ఏముందో అతనికి తెలుసు. మూతి దగ్గర అంగుళం మందం జాలీ ముక్క. దాని వెనక, ఇనుప వలలో చుట్టి కూరిన లేత్ షాపు ఇనుప పొట్టు, బరువు కోసం, చప్పుడు రాకుండా ఉండడానికి. దీన్ని 'ముఖం' పెట్టడం అంటారు. టార్చి కొట్టి చూసేవాడికి జాలీ కనపడాలి, ఊపితే మోగకూడదు, తూస్తే తేలికగా ఉండకూడదు. కొంచెం తెలిసిన ఓనర్లు లైటు వేసి చూడడం మొదలుపెట్టాక కనిపెట్టిన ఉపాయం. సందులో ఇప్పుడు అందరూ చేస్తారు. మొదట చేసినవాడు భిక్షపతి.

ఏ బండిదో గుర్తు రాలేదు. ఎవరి బండి వెనక ఎవరు కూర్చున్నారో ఏనాడూ చూడలేదు. ఇనుప పొట్టు తుప్పుపట్టి తడిబూడిదలా వేళ్లకు అంటింది. చేయి దులుపుకున్నాడు. లుంగీకి తుడుచుకున్నాడు. ఆ చేతిని ఒంటికి దూరంగా పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

తరువాత తన బండిని లోపలికి తెచ్చి, కిందికి దూరి, జాలీ డబ్బా విప్పాడు. పదమూడేళ్లుగా ఎవరూ ముట్టని బోల్టులు. ఒక్కొక్కటీ కీచుమంది. ఆ డబ్బాను అక్క బండికి బిగించాడు. అతుకు పెట్టాల్సిన చోట పెట్టి చివర రెండు చుక్కలు పెట్టబోయి, చెయ్యి ఆపాడు. పెట్టలేదు.

కోసిన డొల్లను మూసి వెల్డింగ్ చేసి తన బండికి తగిలించుకున్నాడు.

*

రెండు రోజుల తరువాత, పొద్దున ఏడు గంటలు. భిక్షపతి తన బండిలో దిల్‌సుఖ్‌నగర్ వచ్చాడు. మెట్రో పిల్లర్ పక్కన అక్కాబావలు కాయలు పేరుస్తున్నారు. కోచింగ్ సెంటర్లకు పోయే పిల్లలు సంచులతో దాటుకుంటూ పోతున్నారు.

అతన్ని చూడగానే అండాలమ్మ ముఖం విప్పారింది.

"నిన్న దగ్గలే. ఇయ్యాల దగ్గలే. హయత్‌నగర్ల గుంతలు లెక్కవెట్టుకుంట వచ్చిన, చూడు. ఇరవై రెండు ఉన్నయి." ఇద్దరు ఆడవాళ్లు కాయలు బేరం చేస్తుంటే వాళ్లకు చెప్పింది. "మా తమ్ముడు. గీ బండి వీడే చేసిండు. అసొంటి చెయ్యి పట్నం మొత్తంల లేదు."

బుట్టలోంచి ఒక కాయ ఏరింది. తొడిమ దగ్గర వాసన చూసి, మెత్తదనం చూసి, కాగితం చుట్టి అతని చేతిలో పెట్టింది. బోణీ వేళ మంచి కాయను ఆమె ఎవరికీ ఊరికే ఇవ్వదు.

కాయ వెచ్చగా ఉంది. ఆ డీజిల్ వాసన కంటే ఆ మంచిమాటే భిక్షపతికి భరించలేనిదిగా ఉంది.

"అక్కా. ఒకటి చెప్తా."

"చెప్పు."

"పొగను కాల్చేది ఒక జాలీ ఉంటది బండికి. నీ బండిది లేకుండె. గందుకే గా ఘాటు."

"ఎవరు తీసిన్రు?"

"నేనే. బండి కొన్నప్పుడు. అమ్ముకున్న."

అండాలమ్మ చేతులు కాయల మీదే ఉన్నాయి.

"మీ బావకు ఎరుకనా?"

"మైలేజ్ ఒస్తదని చెప్పిన. గంతే ఎరుక."

బాల్‌రాజ్ వెనకనుంచి విన్నాడు. ఏదో అనబోయి, భార్య ముఖం చూసి ఆగిపోయాడు.

"ఇప్పుడు పెట్టింది యాడిది?"

"నా బండిది."

ఆమె ఒక కాయను తిప్పి పెట్టింది. ఏదో పాత లెక్క సరిచూసుకుంటున్నట్టుంది.

"అంటే నీ బండికి గన్నేండ్లు ఉండె."

"ఉండె."

"తక్కువ తిరుగుతదంటివి."

భిక్షపతి చేతిలోని కాయకు చుట్టిన కాగితం సర్దాడు.

అండాలమ్మ తిట్టలేదు. చెయ్యి చాచి, అతని చేతిలోంచి బొప్పాయి తీసుకుంది. కాగితం విప్పి మడిచి పక్కన పెట్టింది. బేరం చేస్తున్న ఆమె వైపు తిరిగింది.

"గిది తీస్కో అమ్మా. మంచి కాయ" అని తూకంలో వేసింది.

అతను వచ్చి తన బండి ఎక్కాడు. ఉండమని ఎవరూ అనలేదు. తాళం తిప్పితే బండి వెంటనే అందుకుంది. పచ్చి డీజిల్ ఘాటు సైలెన్సర్‌లోంచి వచ్చి కాయల మీదుగా, పిల్లర్ పక్కగా పాకింది. పక్క అద్దంలో అక్క కనిపించింది. దగ్గలేదు. చెంగు లాగి, మడిచి, అతను చూస్తుండగానే ముక్కుకు అడ్డం పెట్టుకుంది.